న్యూయార్క్, న్యూజెర్సీల్లో మంచి పిజ్జా ఎలా పట్టుకోవాలి

ఎడిసన్‌లోనో జెర్సీ సిటీలోనో ఉండే తెలుగువాళ్ల ఇళ్లలో పిజ్జా లేని వారం తక్కువ. కాకపోతే అది ఫోన్‌లో కూపన్ చూసి తెప్పించుకున్న చైన్ పిజ్జా అయినా అయి ఉంటుంది, పిల్లల బర్త్‌డే పార్టీలో మిగిలిన ముక్క అయినా అయి ఉంటుంది. దేశమంతా చెప్పుకునే పిజ్జా షాపులు గంట దూరంలోనే ఉన్నాయని తెలుసు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. "బెస్ట్ పిజ్జా" అని వెతికితే ఒక్కో జాబితాలో ఒక్కో పేరు ముందుంటుంది. ఆ జాబితాలు పట్టుకుని తిరగడం కంటే, షాపు ఎలాంటిదో మీకు మీరే తేల్చుకోవడం నేర్చుకుంటే సుఖం.

1. ముందు ఏ రకం కావాలో అనుకోండి

"మంచి పిజ్జా ఎక్కడ?" అనే ప్రశ్నకి ఇక్కడ జవాబు దొరకదు. ఏ పిజ్జా అన్నది తేలాలి. ఈ చుట్టుపక్కల కనీసం అరడజను రకాలున్నాయి, ఒక రకానికి పేరుపడ్డ చోట ఇంకో రకం ఆశించి వెళ్తే నిరాశే.

మొదటిది స్లైస్ షాపు. పద్దెనిమిది అంగుళాల పెద్ద పిజ్జాని ఎనిమిది ముక్కలు చేసి, ఒక్కో ముక్క అమ్ముతారు. గ్యాస్ ఓవెన్, పల్చటి అంచు, తేమ తక్కువగా ఉండే మొజరెల్లా చీజ్. నిలబడి, మడిచి తినేస్తారు. గ్రీనిచ్ విలేజ్‌లో కార్మైన్ వీధిలో 1975లో మొదలైన జోస్ పిజ్జా దీనికి కొలబద్ద లాంటిది. కొత్త తరంలో లోయర్ ఈస్ట్ సైడ్‌లోని స్కార్స్, విలియమ్స్‌బర్గ్‌లోని లిండస్ట్రీ పేర్లు ఎక్కువ వినిపిస్తాయి. స్కార్స్ వాళ్లు పిండి కూడా సొంతంగా మర పట్టుకుంటారు.

రెండోది బొగ్గు ఓవెన్ పిజ్జా. ఇది పాత పద్ధతి. స్ప్రింగ్ వీధిలోని లొంబార్డీస్ తన పుట్టుకని 1905గా చెప్పుకుంటుంది, అమెరికాలో మొదటి పిజ్జేరియా అని దానికి పేరు. మధ్యలో 1984లో మూతపడి, పదేళ్ల తర్వాత అదే వీధిలో మళ్లీ తెరిచారు. కోనీ ఐలాండ్‌లో టొటోనోస్ 1924 నాటిది, బ్లీకర్ వీధిలో జాన్స్ 1929 నాటిది. ఈ ఓవెన్లలో వేడి 430 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది కాబట్టి అడుగు నల్లగా మచ్చలు పడుతుంది. అది మాడిపోయిందని వెనక్కి పంపకండి, దాని రుచే అది. ఇక్కడ సాధారణంగా ముక్కలు అమ్మరు, పిజ్జా మొత్తం కొనాల్సిందే. తూర్పు హార్లెంలో 1933 నుంచి ఉన్న పాట్సీస్ మాత్రం బొగ్గు ఓవెన్ స్లైస్ కూడా ఇస్తుంది.

మూడోది చదరపు పిజ్జా. సిసిలియన్ అంటే మందంగా, స్పాంజిలా ఉంటుంది. గ్రాండ్‌మా అంటే అదే ఆకారం, ఇంకాస్త పల్చన. బ్రూక్లిన్‌లో 86వ వీధిలోని ఎల్ అండ్ బి స్పుమోనీ గార్డెన్స్‌లో చీజ్ కింద, సాస్ పైన ఉంటాయి. ఎండాకాలం సాయంత్రం బయట బల్లల దగ్గర కుటుంబాలన్నీ పెద్ద పెద్ద ట్రేలు ముందేసుకుని కూర్చుంటాయి. పిల్లలతో వెళ్లడానికి ఇంతకంటే తేలికైన చోటు నాకు తెలియదు.

నేపుల్స్ పద్ధతి ఇంకొకటి. కట్టెల ఓవెన్‌లో 60 నుంచి 90 సెకన్లలో కాలి వస్తుంది, మధ్యలో మెత్తగా, తడిగా ఉంటుంది. చేత్తో పట్టుకుంటే వంగిపోతుంది, ఫోర్కు కావాల్సిందే. కరకరలాడే పిజ్జా ఇష్టమున్నవాళ్లు దీనికి డబ్బులు పెట్టి తర్వాత తిట్టుకుంటారు.

న్యూజెర్సీకి సొంత రకాలు ఉన్నాయి. ఆరెంజ్ ఊళ్లోని స్టార్ టావెర్న్‌లో అప్పడమంత పల్చగా ఉండే బార్ పిజ్జా దొరుకుతుంది. ట్రెంటన్ వైపు టొమాటో పై అంటారు: ముందు చీజ్ పరిచి, దాని మీద చిదిమిన టొమాటో వేస్తారు. ఆ రకానికి పేరున్న డెలొరెంజోస్, 1912లో మొదలైన పాపాస్ రెండూ ట్రెంటన్ వదిలి ఇప్పుడు రాబిన్స్‌విల్‌లో ఉన్నాయి. 2023 అక్టోబరులో తెరిచిన అక్షర్‌ధామ్ మందిరం ఉన్నది కూడా ఆ ఊళ్లోనే. గుడికి వెళ్లే తెలుగు కుటుంబాలు తిరుగు ప్రయాణంలో హైవే మీద ఏదో ఒకటి తినేస్తుంటాయి గానీ, ఈ రెండు షాపులూ ఆ ఊళ్లోనే ఉన్నాయని చాలామందికి తెలియదు. పాపాస్‌లో అడుగున ఆవపిండి సాస్ రాసిన మస్టర్డ్ పై కూడా ఉంటుంది. ఆవ ఘాటు అలవాటున్న మనవాళ్లు ఒకసారైనా చూడాల్సిన సంగతి అది.

2. మ్యాప్‌లో రేటింగ్ కంటే ఫొటోలు చూడండి

4.5 అని కనిపించగానే బయల్దేరకండి. టైమ్స్ స్క్వేర్ చుట్టూ ఉండే షాపులకి టూరిస్టులే ఎక్కువ. ఆకలి మీద, సంతోషం మీద ఉన్నవాళ్లు ఐదు నక్షత్రాలు ఇచ్చేసి వెళ్తారు, మళ్లీ రారు. మీకు కావాల్సింది మళ్లీ మళ్లీ వచ్చేవాళ్ల మాట. రివ్యూల్ని కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని చదవండి. "పదేళ్లుగా వస్తున్నాం, ఈమధ్య మారిపోయింది" అని ఇద్దరు ముగ్గురు రాశారంటే, అది వందమంది మెచ్చుకోలు కంటే విలువైనది. ఒక నక్షత్రం ఇచ్చినవాళ్లు దేని గురించి గొడవపడ్డారో కూడా చూడండి. క్యూ పెద్దది, సీటు లేదు, మాట కరుకు అంటే పట్టించుకోనక్కర్లేదు. పిండి పచ్చిగా ఉంది, చీజ్ రబ్బరులా ఉంది అంటే ఆలోచించండి.

ఫొటోల్లో షాపువాళ్లు పెట్టినవి వదిలేసి, తినేవాళ్లు తీసినవి చూడండి. అంచు పక్క నుంచి తీసిన ఫొటో దొరికితే అదృష్టం. లోపల గాలి గదులు కనిపిస్తే పిండిని సరిగ్గా పులియనిచ్చారని అర్థం. రొట్టెలా ఒకే ముద్దగా ఉంటే హడావిడిగా చేసిన పిండి.

పేర్లతో ఇంకో చిక్కుంది. న్యూయార్క్‌లో ఒకప్పుడు వీధికో "రేస్" పిజ్జా షాపు ఉండేది, ఒరిజినల్ రేస్, ఫేమస్ రేస్ అంటూ, ఒకదానికొకటి సంబంధం లేకుండా. వీటిలో మొట్టమొదటిది ప్రిన్స్ వీధిలో 1959 నుంచి నడిచి 2011లో మూతపడింది. ఇప్పుడు అక్కడ ప్రిన్స్ స్ట్రీట్ పిజ్జా ఉంది, కారం పెప్పరోనీ చదరపు ముక్కకి దాని ముందు ఎప్పుడూ జనమే. బ్రూక్లిన్ బ్రిడ్జి కింద కథ ఇంకా తమాషా. పాట్సీ గ్రిమాల్డీ అనే పెద్దాయన తన షాపుని, పేరుతో సహా 1998లో అమ్మేశాడు. కొన్నవాళ్లు తర్వాత లీజు పోగొట్టుకుని పక్క భవనంలోకి మారారు. ఈయన 2012లో పాత చోటికే తిరిగొచ్చి, తల్లి పేరుతో జూలియానాస్ తెరిచాడు. అంటే గ్రిమాల్డీస్ అనే పేరు ఒక చోట ఉంది, అసలు బొగ్గు ఓవెన్ పక్క చోట ఉంది. వంతెన చూడ్డానికి వెళ్లినప్పుడు రెండు క్యూలూ పక్కపక్కనే కనిపిస్తాయి. నన్నడిగితే ఓవెన్ ఉన్నవైపే నిలబడమంటాను.

బ్రాంచి విషయం కూడా ఇంతే. పేరుమోసిన షాపు ఏడెనిమిది చోట్ల తెరిస్తే, అన్నిచోట్లా అదే చెయ్యి ఉండదు. కుదిరితే మొదటి షాపుకే వెళ్లండి.

3. లోపలికి వెళ్లేముందు ఒక నిమిషం బయట నిలబడండి

న్యూయార్క్ సిటీలో ప్రతి హోటల్ కిటికీలోనూ ఆరోగ్య శాఖ ఇచ్చిన అక్షరం ఉంటుంది. 2010 నుంచి ఉన్న పద్ధతి ఇది. తనిఖీలో 13 వరకూ పాయింట్లు పడితే ఎ, 14 నుంచి 27 వరకూ బి, 28 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే సి. పాయింట్లు తప్పులకి వేస్తారు కాబట్టి తక్కువ ఉంటేనే మంచిది. ఇది శుభ్రతకే గానీ రుచికి కాదు, బి ఉన్న పాత షాపుల్లో గొప్ప పిజ్జా తిన్నవాళ్లు కోకొల్లలు. నేనైతే సి చూస్తే మాత్రం ముందుకి నడుస్తాను. హడ్సన్ దాటి న్యూజెర్సీ వస్తే అక్షరాలు ఉండవు, "శాటిస్‌ఫ్యాక్టరీ" అని రాసిన కాగితం ఉంటుంది.

తర్వాత అద్దాల వెనక పెట్టిన పిజ్జాలు చూడండి. పదిహేను రకాలు పేర్చి ఉండి, జనం ఇద్దరే ఉన్నారంటే అవన్నీ పొద్దుటి నుంచి అక్కడే ఉన్నాయన్నమాట. మూడు నాలుగు రకాలే ఉండి, మాటిమాటికీ కొత్తది ఓవెన్‌లోంచి బయటికి వస్తుంటే లోపలికి నడవండి. స్లైస్ షాపు బాగుండాలంటే సరుకు కదలాలి, వంటవాడి నైపుణ్యం అందులో సగమే. అందుకే మధ్యాహ్నం 12 నుంచి 2 మధ్య, లేదా రాత్రి భోజనం వేళ వెళ్లమంటాను. నాలుగు గంటలప్పుడు అదే షాపులో అదే ముక్క ఎండిపోయి ఉండొచ్చు.

4. మొదటిసారి ప్లెయిన్ మాత్రమే

కొత్త టిఫిన్ సెంటర్‌ని ఇడ్లీతో తేల్చినట్టు, కొత్త పిజ్జా షాపుని ప్లెయిన్ స్లైస్‌తో తేల్చాలి. పైన బఫెలో చికెన్, పైనాపిల్, రాంచ్ సాస్ పడ్డాక పిండి ఎలా ఉందో ఎవరికీ తెలియదు. కౌంటర్ దగ్గర "ప్లెయిన్ స్లైస్" అంటే చాలు, కొన్నిచోట్ల "రెగ్యులర్" అంటారు. "పై" అంటే మొత్తం పిజ్జా, కాబట్టి ఒక్కరే వెళ్లి "వన్ చీజ్ పై" అనకండి. ఓవెన్‌లోంచి అప్పుడే తీసినది ఉంటే అలాగే ఇమ్మనండి. లేకపోతే ఎలాగూ మళ్లీ ఓవెన్‌లో పెట్టి ఇస్తారు. అలా రెండోసారి కాలిన ముక్కే ఎక్కువ కరకరలాడుతుందని దానికోసమే వచ్చేవాళ్లూ ఉన్నారు.

చేతికి రాగానే అంచు పట్టుకుని కొంచెం ఎత్తి అడుగు చూడండి. గోధుమరంగు, అక్కడక్కడా ముదురు మచ్చలు ఉంటే సరిగ్గా కాలింది. తెల్లగా, పాలిపోయి ఉంటే ఓవెన్ వేడి చాలలేదు. గళ్లు గళ్లుగా జాలీ గుర్తులు పడి ఉంటే, రాతి మీద నేరుగా కాకుండా లోహపు జాలీ మీద పెట్టి కాల్చారు. చైన్ షాపుల్లో మామూలే, "న్యూయార్క్ స్టైల్" అని బోర్డు పెట్టినచోట మాత్రం అనుమానించండి.

ఇప్పుడు మధ్యకి మడవండి. కొస కాస్త వంగినా పర్వాలేదు, చీజ్ మొత్తం జారి కిందపడితే పిండికి బలం లేదు. ఒకసారి కొరికి, కొరికిన చోట చూడండి. సాస్‌కి, రొట్టెకి మధ్య తెల్లగా జిగురుగా పచ్చి పొర కనిపిస్తే అది ఎంత పేరున్న షాపైనా ఆరోజుకి తప్పినట్టే. సాస్ తియ్యగా ఉంటే పంచదార వేశారు. నాకది నచ్చదు, పిల్లలకి అదే నచ్చుతుంది. చివరి పరీక్ష అంచు. సాస్ లేని ఆ రొట్టె ముక్కని, చల్లారాక కూడా వదిలేయాలనిపించకపోతే ఆ షాపు అడ్రస్ సేవ్ చేసుకోండి.

ఇదంతా అయ్యాకే మిరప గింజల డబ్బా అందుకోండి. మనవాళ్లు కూర్చోగానే సగం డబ్బా ఒంపేస్తారు, ఇంక దేని రుచి చూసినట్టు?

పనీర్ టిక్కా, తందూరి చికెన్ వేసిన దేశీ పిజ్జాలు ఓక్ ట్రీ రోడ్ వైపు దొరుకుతాయి. తినాలనిపిస్తే హాయిగా తినండి. షాపు పిండి మంచిదో కాదో మాత్రం ఆ మసాలా వెనక కనిపించదు.

5. శాకాహారులు ఏం అడగాలి

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, ఎందుకంటే "వెజ్ పిజ్జా" అని బోర్డు మీద ఉన్నంత మాత్రాన మన ఇళ్లలో పెద్దవాళ్లు ఒప్పుకునే శాకాహారం కాకపోవచ్చు.

అసలు సమస్య చీజ్. పాలు విరగడానికి వాడే రెన్నెట్ కొన్నిటిలో దూడ పొట్ట నుంచి, కొన్నిటిలో గొర్రెపిల్ల పొట్ట నుంచి వస్తుంది. పార్మిజానో రెజానో అని పేరు పెట్టాలంటే నిబంధనల ప్రకారం దూడ రెన్నెట్టే వాడాలి. పెకోరినో రొమానోకి గొర్రెపిల్లది. మంచి షాపుల్లో చాలామటుకు ప్లెయిన్ పిజ్జా మీద కూడా వీటిలో ఒకటి తురిమి చల్లుతారు. మామూలు మొజరెల్లాలో చాలా కంపెనీలు సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్ వాడతాయి గానీ, అందరూ కాదు. కాబట్టి పట్టింపు ఉన్నవాళ్లు రెండు అడగాలి: మొజరెల్లాలో వెజిటేరియన్ రెన్నెట్టేనా, పైన తురిమే చీజ్ వేయకుండా ఇవ్వగలరా. స్లైస్ షాపులో ముందే చల్లేసి ఉంటారు, అందుకని మొత్తం పిజ్జా కొత్తగా చేయించుకోవడమే మేలు. సాస్‌లో కూడా చీజ్ గానీ, ఆంకోవీ అనే చిన్న చేప గానీ కలిపారా అని అడగండి.

వోడ్కా సాస్ స్లైస్ ఇప్పుడు బాగా నడుస్తోంది. టొమాటో, క్రీమ్, కాస్త వోడ్కా. కొన్నిచోట్ల అందులో పంది మాంసం ముక్కలు వేసి ఉడికిస్తారు, బయటికి కనిపించవు. సీజర్ సలాడ్ డ్రెస్సింగ్‌లో ఆంకోవీ ఉంటుంది. మాంసం తినేవాళ్లలో బీఫ్, పోర్క్ ముట్టనివాళ్లు ఉంటే, పెప్పరోనీలో మామూలుగా రెండూ కలిసే ఉంటాయి, సాసేజ్ అంటే ఎక్కువగా పోర్క్, మీట్‌బాల్‌లో బీఫ్ ఉంటుంది. వీళ్లకి చికెన్ ఒక్కటే నిశ్చింత.

కోసే చక్రం అన్నిటికీ ఒకటే వాడతారు. వేరే కత్తితో కోయమని గానీ, అసలు కోయకుండా ఇమ్మని గానీ అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు, రద్దీ లేని వేళ అడగాలి అంతే. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లతో వెళ్తుంటే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. కౌంటర్ ముందు నిలబడి, వెనక పదిమంది ఉండగా రెన్నెట్ గురించి వివరించడం అనవసరమైన టెన్షన్.

6. క్యూ, డబ్బులు, వేళలు

కొన్ని పాత షాపులు ఇప్పటికీ క్యాషే అడుగుతాయి, జేబులో నలభై యాభై డాలర్లు ఉంచుకోండి. కౌంటర్‌లో స్లైస్ కొంటే డబ్బాలో ఒకటో అరో వేస్తే చాలు. టేబుల్ దగ్గర వడ్డిస్తే 18 నుంచి 20 శాతం టిప్ ఇవ్వాలి.

బ్రూక్లిన్‌లో కారల్ గార్డెన్స్‌లోని లుకాలీకి వెళ్లాలంటే సాయంత్రం తెరిచే వేళకి చాలా ముందే వెళ్లి పేరు రాయించుకుని, తర్వాత ఎక్కడైనా తిరిగి రావాలి. ఒక్కరోజు ఖాళీ, పసిపిల్లలు, ముసలి తల్లిదండ్రులు ఉంటే దాని జోలికి వెళ్లకండి. ఎంత గొప్ప పిజ్జా అయినా గంటల తరబడి నిలబడి తింటే సగం రుచి కోపంలోనే పోతుంది. మిడ్‌వుడ్‌లో అవెన్యూ జె మీద ఉన్న డి ఫారాలో డామ్ డిమార్కో ప్రతి పిజ్జా తన చేత్తో చేసి, తులసి జాతి బేసిల్ ఆకుల్ని కత్తెరతో కత్తిరించి వేసేవాడు. 1965లో మొదలుపెట్టిన ఆయన 2022లో పోయాడు. షాపు కుటుంబం నడుపుతోంది, "క్యూ" (Q) అనే సబ్‌వే రైలు ఆగే స్టేషన్ పక్కనే ఉంటుంది.

చిన్న కుటుంబ షాపులు వారంలో రెండు మూడు రోజులు మూసేస్తాయి, పిండి అయిపోతే ముందే తలుపులు వేసేస్తాయి. బయల్దేరేముందు ఆరోజు వేళలు చూసుకోవడం మర్చిపోవద్దు.

7. ఎటు నుంచి మొదలుపెట్టాలి

జర్నల్ స్క్వేర్ దగ్గర ఉండేవాళ్లు పాత్ రైల్లో ఒక్క స్టాప్ వెళ్లి గ్రోవ్ స్ట్రీట్‌లో దిగితే, సిటీ హాల్ ఎదుట రజ్జా ఉంటుంది. న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు 2017లో దీనికి మూడు నక్షత్రాలిచ్చి, న్యూయార్క్‌లో బెస్ట్ పిజ్జా న్యూజెర్సీలో ఉందన్నట్టు రాస్తే పెద్ద గొడవే అయింది. రట్గర్స్ యూనివర్సిటీ పెంచిన హేజల్‌నట్ రకాలతో చేసే పిజ్జా ఇక్కడి ప్రత్యేకం. రట్గర్స్‌లో చదివే తెలుగు పిల్లలు చెప్పుకోవడానికి ఇదొకటి.

ఒక ఆదివారం ఖాళీ ఉంటే మాన్‌హటన్‌లో నడుస్తూ తినండి. జోస్‌లో ఒక ప్లెయిన్, ప్రిన్స్ స్ట్రీట్‌లో ఒక చదరపు ముక్క, నలుగురుంటే లొంబార్డీస్‌లో చిన్న పిజ్జా. మూడూ నడిచే దూరంలోనే. ముగ్గురు నలుగురు వెళ్లి ముక్కలు పంచుకుంటేనే ఇది సాధ్యం, ఒక్కడే మూడు చోట్ల తింటే నాలుగో చోటు సోఫానే.

దూరం పర్వాలేదనుకుంటే మాన్‌హటన్‌లోని గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ నుంచి మెట్రో నార్త్ రైల్లో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్ వెళ్లొచ్చు. సుమారు రెండు గంటలు. స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగిన వూస్టర్ వీధిలో 1925 నాటి ఫ్రాంక్ పెపే, 1938 నాటి శాలీస్ ఉన్నాయి. రెండూ బొగ్గు ఓవెన్లే. ప్లెయిన్ అని అడిగితే ఇక్కడ మొజరెల్లా ఉండదు, టొమాటో మీద తురిమిన చీజ్ కాస్త, అంతే. మొజరెల్లా కావాలంటే విడిగా చెప్పాలి. పెపేకి పేరు తెచ్చిన వైట్ క్లామ్ పిజ్జా ఆల్చిప్పల మాంసంతో చేస్తారు, పేరు చూసి తెల్ల చీజ్ అనుకుని శాకాహారులు ఆర్డర్ చేయకండి.

8. ఇంటికి తెచ్చుకుంటే

మంచి పిజ్జాని డెలివరీలో తెప్పించుకోవడం దండగ. మూసిన డబ్బాలో ఆవిరికి అడుగు పది నిమిషాల్లో మెత్తబడుతుంది. మీరే వెళ్లి తెచ్చుకోండి, కారులో డబ్బా మూత కాస్త తెరిచి పెట్టండి. "వెల్ డన్" అని చెప్తే ఇంకొంచెం కాల్చి ఇస్తారు, దూరం వెళ్లేవాళ్లకి అది పనికొస్తుంది.

మిగిలిన ముక్కల్ని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి, మూడు నాలుగు రోజుల్లో తినేయండి. వేడి చేయడానికి మైక్రోవేవ్ వద్దు, తోలులా సాగుతుంది. దోసె పెనం సన్న మంట మీద పెట్టి, నూనె లేకుండా ముక్క వేసి రెండు మూడు నిమిషాలు ఉంచండి. అడుగు గట్టిపడ్డాక పెనం అంచున నాలుగు చుక్కల నీళ్లు చల్లి వెంటనే మూత పెట్టండి. ఆ ఆవిరికి పైన చీజ్ నిమిషంలో కరుగుతుంది. నీళ్లు ముక్క మీద పడకుండా చూసుకోండి.